ఒక్క గడ్డా కరగలేదు

3-2-1984

ఈ రోజు నుంచి మా ఇంట్లో ఉప్పు డబ్బాకి మూత ఉండదు. ఇది నా ఆర్డరు. అత్తగారు మూత పెడితే నేను తీస్తాను, మళ్ళీ పెడితే మళ్ళీ తీస్తాను. ఎనిమిదేళ్ళు ఆ మహాతల్లి నా కూతురు హన్నాకి చప్పిడి కూడు పెట్టింది. "పిల్లని ముద్దెట్టుకుంటే ఉప్పగా తగుల్తందమ్మా, ఒంట్లో ఉప్పెక్కువైపోయింది, తగ్గించాలి" అని. నేనూ ఊరుకున్నాను. పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, నోరు మూసుకుని ఊరుకున్నాను. తీరా పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిందేమిటి? ఉప్పు ఎక్కువై కాదట. చెమటలో కారిపోతోందట. పోయిన ఉప్పు పోయినట్టు మళ్ళీ నోటి ద్వారా ఇవ్వాలట.

"ఈ పిల్లకి ఉప్పే ప్రాణం" అంది డాక్టరమ్మ. ఆ మాట ఇంటికొచ్చి నేను పదిమందికి చెప్పాను, అత్తగారు వినేలా.

జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. రాసుకుంటే తప్ప నాకు బుర్రకెక్కదు, అందుకే రాస్తున్నాను. ఊపిరితిత్తుల్లో కళ్ళె జిగురులా పట్టేస్తుంది. ఆ జిగురులో ఒక సూక్ష్మజీవి వచ్చి కాపురం పెడుతుంది. ఒకసారి దిగిందా, ఇక ఎన్ని మందులు పోసినా పోదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తినేస్తుంది. హన్నాకి ఇంకా దిగలేదు. కళ్ళె పరీక్ష చేసి చెప్పారు. దిగకముందే టీకా వేస్తే ఒళ్ళు దాన్ని గుమ్మంలోనే పోల్చుకుని తరిమేస్తుందని ఆశ. విదేశం నుంచి కొద్దిమంది పిల్లల కోసం వచ్చిన మందు, ఇంకా పరీక్షలోనే ఉంది. "ఖాయంగా పనిచేస్తుందని చెప్పలేనమ్మా" అంది. ఖాయంగా పనిచేసేది ఏదైనా ఉందా అంటే లేదంది.

మూడు డోసులు. మొదటిది అక్కడే వేశారు. తక్కినవి నెలకొకటి.

ఆ పురుగు ఎక్కడుంటుందండీ అని అడిగాను. తడి ఉన్న చోటల్లా ఉంటుందంది. కాలవలు, చెరువులు, బురద, తడి గుడ్డలు. కోనసీమలో తడి లేని చోటు చూపించమ్మా, నా పిల్లని తీసుకెళ్ళి అక్కడ కూచోబెడతాను.

4-2-1984

ఉప్పు డబ్బా మూత ఎక్కడా కనపడటం లేదు. అత్తగారే చెరువులో పారేసిందట. పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదు. నేను బతిమాలలేదు. సాయంత్రం హన్నా వెళ్ళి "మామ్మా, ఉప్పుచేప ముక్క నాకొకటి, నీకొకటి" అంటే ఏడుస్తూ తింది.

11-2-1984

డాక్టరమ్మ చెప్పిన వీపు చరవడం మాకు బాగా అలవాటైంది. బల్ల ఒక వైపు ఇటుకలు పెట్టి ఏటవాలు చేసి, హన్నాని తల కిందికి పడుకోబెట్టి, అరచేయి దొప్పలా చేసి వీపంతా చరవాలి. కళ్ళె కదిలి బయటికొస్తుంది. నేను చరిస్తే నొప్పంటుంది. నా తమ్ముడు ఏలీయా చరిస్తే నవ్వుతుంది. మా నాన్న డప్పు వాయించేవాడు, ఆ చెయ్యి వీడికొచ్చింది. వీపు మీద దరువు వేస్తాడు. "పెళ్ళి దరువా, జాతర దరువా హన్నమ్మ గారూ?" అని అడిగి మరీ మొదలెడతాడు. పొద్దున్నే ఓడలరేవు వెళ్ళే ముందు సైకిలాపి ఈ పని చేసి పోతాడు. అక్కడ ఐసు ఫ్యాక్టరీలో చేపల పెట్టెలకి ఐసు నింపడం వాడి ఉద్యోగం. వాడి చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి.

హన్నా నాన్నగారికి కువైట్‌కి ఉత్తరం రాశాను. జబ్బు పేరు తెలుగులో రాస్తే నాకే నమ్మకం కలగలేదు.

బళ్ళో ఈ రోజు మూడో తరగతికి గట్టిగా చెప్పాను: నా క్లాసులో 'ఆయ్' అన్న మాట వినపడకూడదు. అర్థమైందా అంటే ఆయ్, కాలేదా అంటే ఆయ్, ఇల్లు తగలబడిందిరా అంటే ఆయ్! మర్యాదట. బుర్ర వాడనక్కరలేకుండా నోటితో పెట్టే నమస్కారం. ఇక నుంచి ఆయ్ అన్నవాడికి గోడకుర్చీ. "అర్థమైందా?" అన్నాను. నలభై గొంతులు ఒక్కసారే "ఆయ్" అన్నాయి. చివరికి నేనే నవ్వేశాను.

27-2-1984

హన్నాకి జ్వరం. మామూలు జలుబే. రెండో డోసు తెచ్చుకోవడానికి వెళ్ళాలి. ఈ ఒంటితో పిల్లని రైల్లో తిప్పడానికి వీల్లేదన్నారు అమలాపురం డాక్టరు బాపిరాజు గారు. మందు తెస్తే తానే వేస్తానన్నారు, ఆయన దగ్గర ఫ్రిజ్ ఉంది. రెండు, మూడు డోసులు ఒకేసారి ఇచ్చి పంపిస్తామని పెద్దాసుపత్రి వాళ్ళూ ఒప్పుకున్నారు. కానీ ఐసులో పెట్టి తేవాలి. రెండు రోజుల ప్రయాణం, ఈ ఎండల్లో.

ఐసు అనగానే ఏలీయా లేచి నిలబడ్డాడు. "నేనెల్తానక్కా. ఐసు సంగతి నాకొదిలెయ్యి. రెండ్రోజులు కాదు, నాల్రోజులైనా కరగనివ్వను."

నిజమే కదా. ఈ పని చెయ్యడానికి వీడికంటే ఎవరున్నారు? ప్రభువు ఎంత ముందుచూపుతో నా తమ్ముణ్ణి ఐసు ఫ్యాక్టరీలో పెట్టాడో అనుకున్నాను.

1-3-1984

ఏలీయా రాజమండ్రి బస్సెక్కాడు. మా ఆయన కువైట్ నుంచి పంపిన పెద్ద మూతి ఫ్లాస్కు, మార్చుకోడానికి ఒక చొక్కా, చేతిలో మూట. డాక్టరమ్మ ఏం చెప్పినా శ్రద్ధగా వినరా అన్నాను.

"ఆయ్" అన్నాడు.

6-3-1984

వచ్చేశాడు! కళ్ళు గుంటలు పడిపోయాయి, రెండు రాత్రులు నిద్ర లేదు, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకునే కూచున్నాడట. గుమ్మంలోంచే అరుపు. "అక్కా, సూసుకో! ఒక్క గడ్డా కరగలేదు!"

మూత తీసి చూపించాడు. నిజంగానే, ఫ్లాస్కు నిండా ఐసు, అప్పుడే కొట్టి పోసినట్టు ఉంది. లోపల గుడ్డలో చుట్టిన రెండు సీసాలు. మందు రాయిలా గట్టిపడి ఉంది. ఊపితే కదల్లేదు. వాణ్ణి కావలించుకుని ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు కూడా వీడి ముందు ఏడవలేదు.

అత్తగారు దిష్టి తీస్తానని లేచింది. క్రైస్తవులకి దిష్టేమిటి అత్తయ్యా అంటే "నీ దేవుడూ సూస్తాళ్ళే" అంది.

హన్నా ఐసు ముక్క తీసి నోట్లో వేసుకుని ఉమ్మేసింది. "అమ్మా, ఈ ఐసు కూడా నాలాగే ఉప్పగా ఉంది!" ఓసి నీ నోరే ఉప్పు, నువ్వు ఏది తిన్నా ఉప్పగానే ఉంటుందని నవ్వుకున్నాం. సీసాలు పట్టుకుని వెంటనే బాపిరాజు గారింటికి పరిగెత్తాం.

7-3-1984

రెండో డోసు అయింది. మందు కరిగాక బాపిరాజు గారు సీసా వెలుతురుకి పెట్టి చూశారు. "కాస్త నూకలు నూకలుగా ఉందేంటండీ టీచరు గారూ?" అన్నారు. విదేశీ మందు కదండీ అన్నాను. "అవునండీ, నాకూ కొత్తే" అని బాగా ఊపి వేశారు.

హన్నా ఏడవలేదు. సూదికి ఉలిక్కిపడనిది, బయటికొచ్చి నేను తుమ్మితే ఉలిక్కిపడింది.

19-3-1984

దగ్గు కాస్త ఎక్కువైంది. కళ్ళె పసుపు రంగులో ఉంది. పసుపంటే మామూలు జలుబు. ఆకుపచ్చ అయితేనే చెప్పమంది డాక్టరమ్మ.

2-4-1984

పసుపే.

7-4-1984

మూడో డోసు. ఇక అయిపోయింది. మనం చెయ్యగలిగిందంతా చేశాం. బాపిరాజు గారు ఫీజు పుచ్చుకోలేదు, ఒక కొబ్బరి గెల ఇస్తే పుచ్చుకున్నారు. ఏలీయా హన్నాని సైకిలు ముందు కూచోబెట్టుకుని కాలవ గట్టు మీద ఊరేగించాడు. గట్టు దిగకురా, తడి, తడి అని వెనకాల నేను పరుగు. ఊళ్ళో వాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు. అనుకోనీ.

22-4-1984

ఈస్టరు. తెల్లవారుజామున సమాధుల దొడ్లో ఆరాధన. నా కొడుకు మోషే సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించాను. వాడు పదకొండు నెలలకే పోయాడు. నెమ్ము అన్నారు. వాణ్ణి ముద్దు పెట్టుకుంటే కూడా ఉప్పగానే ఉండేది. ఇప్పుడు తెలుస్తోంది.

హన్నా పిల్లలతో పాట పాడటానికి నిలబడింది. రెండో చరణంలో దగ్గొచ్చి, ఆగలేదు. పాట ఆపేసి అందరూ దానికేసి చూశారు. నాకు ఒక్కొక్కళ్ళ కళ్ళూ పీకెయ్యాలనిపించింది. దగ్గు ఎవరికి రాదు? తెల్లవారుజాము తేమ, కొవ్వొత్తుల పొగ, దగ్గొచ్చింది.

9-5-1984

పసుపే. దిండు గుడ్డ మీద కాస్త ముదురుగా కనిపించింది కానీ దిండు గుడ్డే పాతది, దాని రంగు దిగి ఉంటుంది.

అత్తగారు హన్నా కళ్ళె ఉమ్మే గిన్నె పట్టుకెళ్ళి ఎండలో పెట్టి చూస్తోంది. ఏం చూస్తున్నారని గదమాయించాను. గిన్నె కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. మాట్లాడితే బాగుండును, పోట్లాడటానికైనా.

16-5-1984, పెద్దాసుపత్రి

బడికి సెలవులిచ్చారు కాబట్టి నేనే తీసుకొచ్చాను. రక్తం తీశారు. కళ్ళె తీశారు. డాక్టరమ్మ హన్నా గెడ్డం పట్టుకుని ఉప్పు తింటున్నావా అని అడిగింది. ఇది వెంటనే "ఆవకాయతో మూడు పూటలా" అంది. అందరూ నవ్వారు.

తర్వాత ఏదో రాసుకుంటూ, తలెత్తకుండా, "మందు చల్లగానే తీసుకెళ్ళారు కదా? గడ్డకట్టనివ్వలేదు కదా?" అంది.

"ఆయ్" అన్నాను.

అలా అనేసి వరండాలోకి వచ్చి బల్ల మీద కూచున్నాను. హన్నా నీళ్ళు తాగుతోంది. అప్పటికి ఆ మాట నా చెవిలో పడింది. గడ్డకట్టనివ్వలేదు కదా. రాయిలా వచ్చింది. ఊపితే కదల్లేదు. నేను వాణ్ణి కావలించుకుని ఏడ్చాను.

లేచి మళ్ళీ లోపలికెళ్ళాను. వేరే ఎవరో పిల్లాణ్ణి చూస్తోంది. ఆగలేదు, మధ్యలోనే చెప్పేశాను. "డాక్టరమ్మా, నేనిందాక ఆయ్ అన్నది తప్పండీ. మందు గడ్డకట్టే వచ్చిందండీ. రెండు సీసాలూను."

కలం కింద పెట్టింది. గడ్డకడితే ఈ మందు విరిగిపోతుందట. తర్వాత కరిగినా అందులో సత్తువ ఉండదట. "మీ తమ్ముడికి నేను మూడు సార్లు చెప్పానమ్మా. ఐసులో పెట్టు, కానీ గడ్డకట్టనివ్వకు అని. మూడు సార్లూ ఆయ్ అన్నాడు. అర్థమైందనుకున్నాను." ఆవిడది చిత్తూరు వైపు. మా ఆయ్ సంగతి ఆవిడకేం తెలుస్తుంది? తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "ఉత్త ఐసుకి గడ్డకట్టకూడదే" అంది.

కాళ్ళు పట్టుకున్నాను. అవును, పట్టుకున్నాను, సిగ్గేమీ లేదు. మళ్ళీ మొదట్నుంచి వెయ్యండమ్మా అన్నాను. కొత్త మందు కోసం రాస్తానంది. వానాకాలం అయ్యాక రావచ్చు. కానీ ఈ రోజు తీసిన కళ్ళెలో ఆ పురుగు లేకపోతేనే. ఉంటే ఇక టీకా వేసి లాభం లేదంది.

హన్నా గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పటి నుంచో.

20-5-1984

ఇంటికొచ్చాం. ఏలీయా స్టేషనుకొచ్చాడు. "మందు నిలబడిందన్నారా?" అని అడిగాడు. పరీక్ష రావాలన్నాను. అది అబద్ధం కాదు.

ఉత్త ఐసుకి గడ్డకట్టకూడదట. మరి ఎందుకు గడ్డకట్టింది?

27-5-1984

పసుపే. పసుపే. పసుపే.

3-6-1984

దేవుడా, నీకు అర్థమయ్యేలా చెప్తాను, విను. ఒకణ్ణి ఇచ్చాను. ఇది రెండోది. నీకు వీళ్ళ మీద అంత ప్రేమ ఉంటే నువ్వే కని పెంచుకో. నా దగ్గర లాక్కోకు.

12-6-1984

బాపిరాజు గారు కబురు పంపారు. పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చిందట. వెళ్ళేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన నాకోసం ఎప్పుడూ లేవలేదు. అప్పుడే తెలిసిపోయింది.

"దిగిందండీ టీచరు గారూ."

ఇంకా ఏదో చెప్పారు. మందు బాగున్నా ఇలాగే జరిగి ఉండొచ్చునని డాక్టరమ్మ మరీ మరీ చెప్పమందట. ఆ టీకా మీద ఆవిడకే పూర్తి నమ్మకం లేదట. ఇంక యాంటీబయాటిక్సుతోనే నెట్టుకు రావాలట, ఎంతకాలమంటే అంతకాలం. ఎంతకాలమండీ అని అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంటికి రాలేదు. నేరుగా ఓడలరేవు బస్సెక్కాను. దారంతా ఏమనాలో నేర్చుకున్నాను. ఒరేయ్ దరిద్రుడా, మూడు సార్లు చెప్తే వినలేవురా? ఆయ్ ఆయ్ ఆయ్ అని నా కూతుర్ని మింగేశావు కదరా? నడి ఫ్యాక్టరీలో, పదిమంది ముందు చెంప పగలగొట్టాలని వెళ్ళాను.

ఏలీయా షెడ్డులో ఉన్నాడు. గోనె కప్పుకుని ఐసు దిమ్మ పగలగొడుతున్నాడు. నన్ను చూడలేదు. పెట్టెలో ఒక వరస ఐసు వేశాడు, దాని మీద గుప్పెడు కల్లుప్పు జల్లాడు. మళ్ళీ ఐసు, మళ్ళీ గుప్పెడు ఉప్పు.

"అదేంట్రా?" అన్నాను.

తిరిగి చూసి ముఖమంతా నవ్వయ్యాడు. "ఏటక్కా ఇంత దూరం? ఇదా? ఉప్పేస్తే సలి మరింత పడతదక్కా. సేప కర్రలా బిగుసుకుపోద్ది. హన్నమ్మ మందుకీ ఉప్పు మూట కట్టుకెళ్ళి ఇలాగే ఏసేను. మామూలు గుప్పెడు కాదు, రెండు గుప్పిళ్ళు. పిల్లకి ఉప్పే పేణమని డాక్టరమ్మ సెప్పింది కదా, మందుకీ మంచిదే అనుకున్నాను."

పెట్టెలోంచి ఐసు ముక్క తీసి నాలిక మీద పెట్టుకున్నాను, ఉప్పగా ఉంది.

"డాక్టరమ్మ నీకేం చెప్పిందిరా, మందు ఇచ్చినప్పుడు?"

"శానా సెప్పింది. గబగబా మాట్టాడతాదావిడ. అంత సదువుకున్నావిడ, నాలాటోడికి నిలబడి సెప్తంటే, మళ్ళీ సెప్పండని ఎలాగడుగుతానక్కా? అన్నిటికీ ఆయ్ అన్నాను. ఏం, ఏటైంది?"

"ఏం లేదు. చేపలు కొందామని వచ్చాను."

మంచి చేప ఏరి ఇచ్చాడు. ఐసు కప్పి ఇచ్చాడు.

13-6-1984

ఉప్పే ప్రాణం. ఆ మాట ఊరంతా చాటింది నేనే. అత్తగారిని దెప్పడానికి.

కాదు, ఇలా ఆలోచించకూడదు. మందు బాగున్నా ఇలాగే జరిగి ఉండొచ్చునన్నారు. ఉండొచ్చు.

18-6-1984

అత్తగారికి చెప్పాను. ఉప్పు ఐసు సంగతి, మోషేదీ ఇదే జబ్బయి ఉంటుందన్న సంగతి. "ఆ బాబుకీ నేనే సప్పిడి పెట్టించేను" అంది. మీరు కాదు అత్తయ్యా అన్నాను. మొదటిసారి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఏలీయాకి తెలిస్తే?" అంది. తెలియనివ్వకూడదని నేను అనలేదు, ఆవిడా అనలేదు.

వాడికి చెప్పాలి. వాడికి చెప్పకపోతే రేపు ఇంకెవరికో ఇలాగే చేస్తాడు. వాడికి చెప్తే వాడు బతకడు. నాకు తమ్ముడి సంగతి తెలుసు.

20-6-1984

పొద్దున్న ఏలీయా రాకముందు హన్నాని బల్ల మీద పడుకోబెడుతుంటే అంది. "ఐసు ఉప్పగా ఉందని ఆ రోజే చెప్పేను కదమ్మా."

నేను వంగి ఇటుకలు సరిచేశాను.

"మావయ్య ఉప్పేసేడు. అందుకే గట్టిపడింది. డాక్టరమ్మతో నువ్వన్నదీ, మామ్మతో అన్నదీ విన్నాను." తల కిందికి ఉంది, రక్తం ముఖంలోకి దిగి ఎర్రగా ఉంది. "మావయ్యకి చెప్పకే."

"ఎందుకు?"

"చెప్తే ఇంక దరువెయ్యడు."

బయట సైకిలు బెల్లు. ఏలీయా చేతులు తుడుచుకుంటూ వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. "ఏ దరువండీ హన్నమ్మ గారూ?" అన్నాడు. ఇది "పెళ్ళిది" అంది. చల్లటి అరచేతులు వీపు మీద పడ్డాయి. దరువు మధ్యలో ఆగకుండానే నన్నడిగాడు, స్టేషన్లో అడిగినప్పట్నుంచీ మనసులో పెట్టుకున్నట్టున్నాడు.

"అక్కా, ఐసు ఒక్క గడ్డా కరగలేదు కదా. మందు పనిచేస్తందంటావా?"

హన్నా బల్ల మీంచి తలకిందులుగా నాకేసి చూస్తోంది.

"ఆయ్" అన్నాను.

వాడు పెద్దగా నవ్వాడు. "తమ్ముడికి ఆయ్ ఏటక్కా!" అన్నాడు. దరువు జోరందుకుంది. హన్నాకి దగ్గొచ్చింది, బాగా లోపల్నుంచి. గిన్నె పట్టుకున్నాను. ఉమ్మింది.

ఆకుపచ్చ.